ఒరుగు పాలన

మా వైస్ ఛాన్సలర్ గారు భౌతికశాస్త్ర విభాగానికి వెళ్ళింది రిబ్బను కత్తిరించడానికి. కత్తిరించి వచ్చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆ రోజు కత్తెర కనబడలేదు. దాన్ని వెతికి తెచ్చేలోగా ఊరికే నిలబడటం పదవికి శోభించదనుకుని ఆయన, "ఏమ్మా, ఇక్కడ మీరు చేస్తున్నదేమిటి?" అని డాక్టర్ ఖైరున్నీసా గారిని అడిగారు.

నేను విశ్వవిద్యాలయ పౌరసంబంధాల అధికారిని. వీసీ గారు నవ్విన చోట ఫొటో తీయించి, ఎందుకు నవ్వారో పత్రికలకు రాసి పంపడం నా ఉద్యోగం. అందుచేత పక్కనే నిలబడి అంతా విన్నాను.

ఖైరున్నీసా గారిది ప్రొద్దుటూరు. అడిగినవాళ్ళకు తెలుసుకోవాలని ఉంటుందని నమ్మే మనిషి. మా దగ్గర ఇంతకాలం పనిచేసినా ఆమెకు ఆ నమ్మకం పోలేదు. గాజుపెట్టెలోంచి వేలిగోరంత బిళ్ళ ఒకటి తీసి చూపించింది.

"ఇది గార్నెట్ స్ఫటికం సార్. దీంట్లో కరెంటు పోదు, స్విచ్చి మీది ప్లాస్టిక్ మాదిరి. అయినా ఈ కొసన చెప్పిన మాట ఆ కొసకు చేరుతుంది."

"ఎలా?"

"లోపలుండే ఇనుము పరమాణువులు ఒక్కొక్కటీ చిన్న దిక్సూచి ముల్లు అనుకోండి. వరసగా నిలబడి ఉంటాయి. ఈ కొసన ఒకదాన్ని కొంచెం ఒరిగిస్తే పక్కది ఒరుగుతుంది. దానివల్ల దాని పక్కది. ఆ ఒరుగు అల మాదిరి ఆ కొసకు పోతుంది. ఆ అలనే మాగ్నాన్ అంటాం. రాగితీగలో అయితే ఎలక్ట్రాన్లు పరిగెత్తాల, గుద్దుకోవాల, వేడెక్కాల. ఇక్కడ ఆ బాధ లేదు. ఏదీ తన చోటు వదలదు."

వీసీ గారు చేతిరుమాలుతో విసురుకోవడం ఆపారు.

"ఎవరూ చోటు వదలరు?"

"వదలరు సార్."

"అయినా పని జరుగుతుంది?"

"జరుగుతుంది సార్."

కత్తెర వచ్చింది. ఆయన రిబ్బను కత్తిరించారు గానీ మనసు అక్కడ లేదు. కారులో నన్ను అడిగారు: "పీఆర్వో గారూ, ఒక గుమస్తా లేచి పక్క గదికి వెళ్ళాడనుకోండి. ఏమవుతుంది?"

"టీ తాగి వస్తాడు సార్."

"అదే! అదే శక్తినష్టం!" అన్నారు.

నాకు అప్పుడే అర్థమైంది. వీసీ ఆచార్య జయసింహ గారు నిర్వహణశాస్త్ర నిపుణులు. ప్రకృతిలో ఏది కనబడినా దాన్ని పాలనలో పెట్టకుండా ఉండలేరు. అంతకు ముందు ఏడు ఆయనకు తేనెటీగల మీద గౌరవం కలిగింది. ఆర్నెల్లపాటు మేమంతా షట్కోణాలుగా కూర్చున్నాం.

ఉత్తర్వు వారంలో వచ్చింది. రాసింది రిజిస్ట్రార్ వెంగళరెడ్డి గారు. మామూలు మాటను మూడు మెట్లెక్కించి అక్కడి నుంచి తోసేయడంలో ఆయనకు సాటి లేరు.

"ఆవరణ యందలి సమస్త సిబ్బందియు, పరిశోధక విద్యార్థులును, విధివేళల యందు స్థానభ్రంశము చెందరాదు. సమాచారము యావత్తూ ఒరుగు ద్వారా మాత్రమే ప్రసరింపవలెను. కుడికి ఒరుగుట అంగీకారము. ఎడమకు ఒరుగుట తిరస్కారము. ముందుకు ఒరుగుట అత్యవసరము. వెనుకకు ఒరుగుట నిద్రగా పరిగణింపబడును. సెల్‌ఫోను ద్వారా వరుసను దాటి మాటాడుట వరుసకు అవమానము గావున ఫోనులన్నియు గేటు వద్ద అప్పగింపవలెను."

మొదటి ఫోను వీసీ గారే అప్పగించారు. నేనే ఫొటో తీయించాను.

అవగాహన సదస్సు పెట్టారు. వెనక వరసలోంచి పరీక్షల విభాగం సూపరింటెండెంటు లేచి అడిగాడు: "అంతా బాగానే ఉండాది గానీ సార్, దీనివల్ల ఒరిగేదేంది?"

రిజిస్ట్రార్ గారు కళ్ళద్దాలు సవరించుకుని, "ఒరిగేది మీరే," అన్నారు.

గేటు నుంచి పరిపాలనా భవనం మీది అంతస్తులో వీసీ గారి గది దాకా కుర్చీలు వేశారు. మధ్యలో ఖాళీ ఉంటే అల తెగిపోతుంది కాబట్టి గుమస్తాలు చాలనిచోట అధ్యాపకుల్ని కూర్చోబెట్టారు. తెలుగు శాఖ మెట్ల మీద సర్దుకుంది. వాణిజ్యశాఖకు సైకిల్ స్టాండు వచ్చింది. ప్రయోగశాలలవాళ్ళు మాత్రం తమ బల్లల దగ్గరే కూర్చుని, కిటికీ పక్కనున్నవాడి ద్వారా వరుసకు కలిశారు. నాకు మెట్లు మలుపు తిరిగే చోట కుర్చీ పడింది. గాలి బాగా వచ్చే చోటు, ఫిర్యాదు లేదు.

కాలకృత్యాలకు వెళ్ళాలంటే ముందుకు ఒరగాలి. ఆ ఒరుగు వీసీ గారి దాకా వెళ్ళి, అంగీకారం కుడి ఒరుగుగా తిరిగి రావాలి. రెండో రోజుకల్లా చాలామంది నీళ్ళు తాగడం మానేశారు.

చిక్కులు రాకపోలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ నడుము దాకా ఒరిగితే, మెట్ల దగ్గరికి వచ్చేసరికి అది తల ఊపుగా మిగిలేది. పైకి చేరేసరికి ఒట్టి కనురెప్పపాటు. పైగా పరీక్షల విభాగానికీ అకౌంట్స్ విభాగానికీ పాత పగ. వీళ్ళు కుడికి ఒరిగితే వాళ్ళు ఎడమకు ఒరిగేవారు.

వీసీ గారు ఖైరున్నీసా గారిని ప్రత్యేక అనుమతి మీద రప్పించారు. వెంట ఆమె దగ్గర పరిశోధన చేసే బండి ఓబుళేసు కూడా వచ్చాడు. ఓబుళేసుది జమ్మలమడుగు వైపు పల్లె. ఏడేళ్ళుగా ఆ బిళ్ళ మీదే పనిచేస్తున్నాడు. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, నెలాఖరులోగా థీసిస్ ఇచ్చినట్టు చూపిస్తే. ఇక ఒక్క కొలత మిగిలింది.

"దూరం పోయేకొద్దీ అల సన్నబడుతుంది సార్," అంది ఖైరున్నీసా గారు. "మా వేలిగోరంత బిళ్ళలోనే ఆ కొసకు చేరేసరికి ఒట్టి జాడ మిగులుతుంది. ఇది పరమాణువుల సంగతి. మనుషులకు కాళ్ళుండాయి కదా సార్."

"సమస్య అదేనమ్మా," అన్నారు వీసీ గారు జాలిగా. "మరి ఆ పగల సంగతి?"

"పక్కపక్కవి ఎదురెదురు దిక్కులకు నిలబడే పదార్థాలూ ఉంటాయి సార్. వాటిలోనూ అల పోతుంది."

"విన్నారా రిజిస్ట్రార్ గారూ! మన శత్రుత్వాలు కూడా వనరులే!" అని మురిసిపోయి, "అల దానంతటదే పుట్టే మార్గం ఏదైనా ఉందా?" అని అడిగారు.

ఖైరున్నీసా గారు ఈసారి నోరు మెదపలేదు. ఆ నెల రోజుల్లో ఆమె చాలా నేర్చుకుంది. ఓబుళేసు నేర్చుకోలేదు.

"ఉంది సార్! ఒక కొసను వేడిగా, ఇంకో కొసను చల్లగా పెడితే చాలు. వేడి కొస నుంచి చల్ల కొసకు అల తనంతట తానే పోతుంది."

ఆమె అతని కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మర్నాడు కొత్త ఉత్తర్వు. విశ్వవిద్యాలయానికి చల్ల కొస ఎటువైపు ఉండాలన్న దాని మీద చర్చ జరగలేదు. వీసీ గారి గదిలో ఒక ఏసీ ఉండేది, మూడయ్యాయి. వేడి కొసన, అంటే మిగతా ఆవరణంతా, ఏసీలు, కూలర్లు, చివరికి ఫ్యాన్లు కూడా పీకేశారు. వీసీ గారి గదిలో పెట్టిన కొత్త ఏసీల్లో ఒకటి భౌతికశాస్త్ర ప్రయోగశాలది.

మే నెల. కడప జిల్లా. వేలిగోరంత బిళ్ళకు అటూ ఇటూ ఒక్క డిగ్రీ తేడా పెట్టి, కొసనున్న ప్లాటినం పట్టీలో పుట్టే సూదిమొనంత వోల్టేజీని పట్టుకోవాలి. గదేమో ఇటుకల బట్టీలా ఉంది. పరికరం పిచ్చిపట్టినట్టు అంకెలు చూపిస్తోంది. బిళ్ళను ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి ఎలాగో కొలుద్దామని ఓబుళేసు కర్నూలు నుంచి ఒక డబ్బా తెప్పించాడు.

డబ్బా గేటు దగ్గరికి వచ్చింది. దించినవాడు వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ ముందుకు ఒరిగాడు. ఆ ఒరుగు సైకిల్ స్టాండు దాటింది, తోట దాటింది, అకౌంట్స్ విభాగంలో దిక్కు మారింది, ప్రయోగశాల కిటికీకి ఎడమ ఒరుగై చేరింది. తిరస్కారం. దేనికి తిరస్కారమో ఎవరికీ తెలియలేదు. డబ్బా ఎండలో నిలబడి తెల్లగా పొగలు కక్కుతూ ఉంది. ఓబుళేసు కిటికీలోంచి దాన్ని కాసేపు చూశాడు.

"మేడం, పోతాంది."

"కూచో ఓబుళేసూ. రేపు చూద్దాం."

"రేపటికి ఒట్టి డబ్బా ఉంటాది మేడం."

లేచి పరిగెత్తాడు. అందరం చూశాం. అన్ని రోజుల తరవాత మనిషి పరిగెత్తడం చూసి మెట్ల మీది తెలుగు శాఖలో ఒకాయనకు కళ్ళు చెమర్చాయి. డబ్బాను రెండు చేతులా ఎత్తుకుని వస్తుంటే, పై అంతస్తు వరండా కుర్చీలోంచి రిజిస్ట్రార్ గారు కేకేసి ఆపారు. విచారణ అక్కడికక్కడే జరిగింది.

"నడిచితివా లేదా?"

"పరిగెత్తినా సార్."

"కారణము?"

"నైట్రోజన్ ఆవిరై పోతాంది సార్."

"అది పోవును. అది వాయువు, దానికి ఆ హక్కు కలదు. నీవు ఘనపదార్థము."

విచారణ ముగిసేసరికి డబ్బా కూడా ఖాళీ అయింది. సస్పెన్షన్ ఉత్తర్వులో చివరి వాక్యం ఇది: "నేటి నుండి మీకు ఈ విశ్వవిద్యాలయమునందు ఏ స్థానమును లేదు."

ఆ సాయంత్రం నేను గేటు బయట టీ బంకు దగ్గర ఓబుళేసును చూశాను. గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

"ఏడేండ్లు సార్," అన్నాడు. "మా నాయన అడిగినప్పుడల్లా ఇంగ ఒక్కటే ఉండాది నాయనా అంటాండా. ఆయన కూడా ఊళ్ళో అందరికీ అదే చెప్తాండాడు, ఇంగ ఒక్కటే అని. ఇప్పుడు ఏం చెప్పల్ల?"

నా ఉద్యోగం ఎవరు ఎందుకు నవ్వారో చెప్పడం.  టీ చల్లారిపోతోందని మాత్రం చెప్పాను.

అంతలో ఢిల్లీ నుంచి పరిశీలన బృందం వస్తోందని కబురు. వాళ్ళిచ్చే గ్రేడు మీదే మా పరువూ మనుగడా ఆధారపడి ఉన్నాయి. వీసీ గారు తన గదిలోనే కూర్చుని, బృందం గేటు దగ్గర అడుగు పెట్టిన సంగతి ఒరుగు ద్వారా అందుకుని చూపించాలని ఏర్పాటు. చల్ల కొస బలంగా ఉండాలని పొద్దున్నుంచే మూడు ఏసీలనూ పూర్తిగా తిప్పి ఉంచారు.

చెక్కతలుపు సంగతి ఎవరూ ఆలోచించలేదు. బయట వడగాలి, లోపల హిమాలయం. ఒక పక్క వేడికీ ఒక పక్క చలికీ తలుపు వంగి చౌకట్టులో బిగుసుకుపోయింది. రిమోట్లు బయట కార్యదర్శి బల్ల మీద ఉన్నాయి. కిటికీలకు చలి బయటికి పోకుండా మేకులు కొట్టి ఉన్నాయి. పదిన్నరకు లోపలి నుంచి బాదడం మొదలైంది.

బయట కూర్చున్న కార్యదర్శి నియమం తప్పలేదు. ముందుకు ఒరిగాడు. పక్కనున్న రిజిస్ట్రార్ గారు ఒరిగారు. నేను ఒరిగాను. తెలుగు శాఖ మెట్టుమెట్టుకూ ఒరిగింది. తోటలో, సైకిల్ స్టాండులో, వరసంతా ఒకరి తరవాత ఒకరు ఒరుగుతూ వెళ్ళి, చివర వాచ్‌మన్ ఒరిగాడు. సరిగ్గా అప్పుడే బృందం కారు దిగింది.

వందలమంది వరసగా తమ వైపు తలలు వంచడం చూసి బృందం అధ్యక్షుడు నిలువునా కరిగిపోయాడు. చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. "ఇంత వినయం నేనెక్కడా చూడలేదు," అన్నాడట.

బృందం కుర్చీ కుర్చీకీ నమస్కారం పెడుతూ మెల్లగా వస్తోంది. వాళ్ళ వెనకే ఓబుళేసు కూడా లోపలికి వచ్చాడు, వాళ్ళ కాళ్ళయినా పట్టుకుందామని. అతన్ని ఆపాలంటే వాచ్‌మన్ లేవాలి. వాళ్ళకు ఎదురు నిలబడదామని ముందుకు దాటి, మెట్ల మలుపులో నా దగ్గరికి వచ్చినప్పుడు నేను పెదవులు కదపకుండా చెప్పాను: "వీసీ గారు లోపల ఇరుక్కున్నారు."

"మరి మీరంతా ఏం చేస్తాండారు సార్?"

"ఒరుగుతున్నాం."

అతను మెట్లు రెండేసి ఎక్కేశాడు. నేను కుర్చీని కొంచెం జరుపుకుని మెడ సాచి చూశాను.

"ఎవరది?" లోపలి గొంతు వణుకుతోంది.

"ఓబుళేసు సార్."

"ఏ విభాగం?"

"ఏ విభాగమూ కాదు సార్. మీరే తీసేస్తిరి."

"తలుపు తియ్యి నాయనా, కొయ్యబారిపోతున్నాను! నీ సస్పెన్షన్ ఈ క్షణమే రద్దు!"

ఓబుళేసు తలుపు మీద భుజం ఆనించబోయాడు. రిజిస్ట్రార్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఉత్తర్వు నా సమక్షమున రద్దయినది. కావున నీకు స్థానము సంక్రమించినది. స్థానము గలవాడు స్థానభ్రంశము చెందరాదు."

ఓబుళేసు ఆయన్ని ఒక్క క్షణం చూశాడు. ఆ మొహంలో ఏదో వెలిగింది. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని, అందులో కూర్చుని, చేతులు కట్టుకున్నాడు.

"ఏమయ్యా! ఆగిపోయావేం?" అని లోపలి నుంచి కేక.

"కూచున్నా సార్. ఇప్పుడు నాకు చోటుండాది."

"సస్పెండ్! నిన్ను మళ్ళీ సస్పెండ్ చేశాను! లే!"

ఓబుళేసు లేచాడు. "ఒక్క మాట సార్. మధ్యాహ్నం మళ్ళీ రద్దు చేయరు కదా?"

"చెయ్యను! ఈ జన్మలో చెయ్యను!"

"నేను థీసిస్ ఇస్తే తీసుకుంటారా?"

"తీసుకుంటాం! మోసుకుపోతాం!"

"మా ఏసీ?"

 పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం బయటికి వినిపించింది.

"మూడూ పట్టుకుపో!"

నాలుగు తన్నులకు తలుపు ఊడింది. వీసీ గారు బయటికి వచ్చారు. ఏళ్ళుగా బీరువాలో పోగుపడిన సన్మాన శాలువాలన్నీ ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉన్నారు. మొహం మాత్రం కనిపిస్తోంది, అది నీలంగా ఉంది. అదే క్షణంలో మెట్లెక్కి వచ్చిన పరిశీలన బృందం, ఇది కూడా స్వాగత కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టింది.

మాకు అత్యున్నత గ్రేడు వచ్చింది. నివేదికలో "సంస్థాగత నిశ్చలత" అని ప్రత్యేకంగా ఒక పేరా రాశారు. దానితో ఒరుగు పాలన ఎత్తేయడం అసాధ్యమైపోయింది.

కానీ మేమంతా ఒక దృశ్యం చూశాం. ఆ మధ్యాహ్నం ఓబుళేసు ఏసీ పెట్టెను భుజాన వేసుకుని, వరసలన్నిటి మధ్యలోంచి నడుచుకుంటూ ప్రయోగశాలకు వెళ్ళాడు. దారిలో ఆగి టీ తాగాడు. కావాలనుకున్నప్పుడు మరుగుదొడ్డికి వెళ్ళాడు. ఎవరూ ఏమీ అనలేకపోయారు. స్థానం లేనివాడికి స్థానభ్రంశం ఎలా జరుగుతుంది?

మర్నాడు ఖైరున్నీసా గారు లేచి నిలబడి, తిన్నగా రిజిస్ట్రార్ గారి ముందుకు నడిచి వచ్చింది. "నేను చోటు వదిలినాను సార్. సస్పెండ్ చేయండి."

"అమ్మా, మీరు సీనియర్లు. ఆలోచించుకొనుడు."

"ఆలోచించేదానికే కాళ్ళు కావాల నాకు. నేను నడుస్తానే ఆలోచిస్తాను సార్."

ఉత్తర్వు పుచ్చుకుని ఆమె నేరుగా గేటుకు వెళ్ళింది. రెండో నైట్రోజన్ డబ్బా అప్పటికే వచ్చి ఉంది. గురువూ శిష్యుడూ చెరో చెయ్యీ వేసి మోసుకుపోయారు. ఆ వారమంతా ప్రయోగశాలలో కూర్చున్నారు. ఒక మధ్యాహ్నం అక్కడి నుంచి పెద్ద కేక వినిపించింది. ఏమైందోనని వరుసంతా ముందుకు ఒరిగింది. కొలత కుదిరింది. బిళ్ళలో వేడి కొస నుంచి బయలుదేరిన అల చల్ల కొసకు చేరి, ప్లాటినం పట్టీలో తన జాడ చెప్పింది. ఓబుళేసు తెర ముందు నేల మీద చతికిలబడి, మొహం చేతుల్లో దాచుకుని ఏడుస్తున్నాడట. ఖైరున్నీసా గారు అతని తల మీద చెయ్యి వేసి, "ఇంగ మీ నాయనకు ఫోన్ చెయ్యి," అంది. సస్పెండ్ అయినవాళ్ళకు ఫోను తిరిగి ఇచ్చేస్తారు.

థీసిస్ అందింది. నంద్యాల కాలేజీ వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. సస్పెన్షన్ సంగతి అడిగితే, మా విశ్వవిద్యాలయంలో అది చురుకైనవాళ్ళకు ఇచ్చే గుర్తింపని ఓబుళేసు చెప్పాడు. అబద్ధం కాదు.

ఎందుకంటే అప్పటికి పరీక్షల విభాగం మొత్తం సస్పెండ్ అయింది. పోటీపడి అకౌంట్స్ విభాగమూ అయింది. జీతం సగమే వస్తుందని అందరికీ తెలుసు. కాళ్ళు మాత్రం రెండూ వస్తాయి కదా. సస్పెండ్ అయినవాళ్ళు గదుల మధ్య తిరుగుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ, చెమటలు కక్కుతూ పనిచేశారు. పరీక్షల ఫలితాలు మా చరిత్రలో మొదటిసారి అనుకున్న తేదీకి వచ్చాయి. దాని మీద పత్రికా ప్రకటన రాశాక నేను కూడా లేచి, నా ఉత్తర్వు నేనే అడిగి తీసుకోవడానికి పైకి వెళ్ళాను.

పై అంతస్తులో మిగిలింది ఇద్దరే. రిజిస్ట్రార్ గారు నా కాగితం మీద సంతకం చేసి, కుడికి ఒరిగారు. ఎదురుగా వీసీ గారు ఆ ఒరుగు అందుకుని, అలవాటుగా కుడికి ఒరిగారు. తరవాత అటూ ఇటూ చూసి నన్ను దగ్గరికి పిలిచారు.

"పీఆర్వో గారూ," గొంతు తగ్గించి అడిగారు, "నన్ను సస్పెండ్ చేసే అధికారం ఎవరికి ఉంది?"

"పైన ఛాన్సలర్ గారికి సార్."

"ఆయనకు కబురు ఎలా వెళుతుంది?"

"ఒరుగు ద్వారానే సార్. మీ ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది."

ఆయన ముఖం విప్పారింది. ముందుకు ఒరిగారు, నడుము దాకా, ఎంతో బలంగా. రిజిస్ట్రార్ గారు అందుకుని అంతే బలంగా ఒరిగారు. ఆయన పక్కన కార్యదర్శి కుర్చీ ఖాళీగా ఉంది. రెండో పక్క, మెట్ల మలుపులో ఉన్నది నాది, అదీ ఖాళీయే. మెట్ల మీదా, తోటలో, సైకిల్ స్టాండు పొడుగునా, గేటు దాకా కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

నేను సెలవు తీసుకుని కిందికి నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే, ఇద్దరూ ఇంకా ముందుకు ఒరిగే ఉన్నారు.